టిష్యూ పొట్లం పెట్టిన కుర్చీ

సింగపూర్ లిటిల్ ఇండియాలో ఒక్క పూటలో చూసెయ్యాల్సినవి పదకొండు చీటీ మీద రాసుకుని బయల్దేరాను. నాలుగోది టెక్కా మార్కెట్. అక్కడి తిండి అంగళ్ల మధ్య బల్లలన్నీ నిండిపోయాయి. ఒక బల్ల దగ్గర మాత్రం రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఒక్కోదాని ముందు ఒక్కో టిష్యూ పొట్లం. ఎంత మర్యాద అనుకుని, ఒకటి విప్పి చెమట తుడుచుకుని దర్జాగా కూర్చున్నాను.

అలా పొట్లం పెట్టారంటే ఆ చోటు ఎవరో పట్టుకున్నారని అర్థమట. పక్క బల్లాయన ఇంగ్లీషులో చెప్పేసరికి, "అయ్యో, చూసుకోలేదే!" అంటూ లేవబోయాను.

అప్పుడే పళ్లెంతో వచ్చిన పెద్దావిడ ఆ మాట విని ఆగిపోయింది.

"తెలుగోడివా? లేవకు నాయనా, కూకో. మకాన్ చెయ్యి, తిను."

తాతల కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబమట.

"ఇంకెవరైనా రావాలా ఆంటీ?"

"నువ్వు కూకున్నది మా అక్క కుర్చీ. ఆదివారం ఇద్దరం ఇక్కడే తినేవాళ్లం. పోయి రెండేళ్లయింది. నా పిల్లలకి తెలుగు రాదు, అక్కతోనే తెలుగు మాటాడేదాన్ని."

నేను మా ఊరి ఎండల గురించి చెప్పాను. మామిడికాయ పప్పు గురించి అడిగింది. తిన్నంతసేపూ ఆవిడ అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను.

వెళ్తూ తన పొట్లం సంచిలో వేసుకుంది. నేను విప్పినది ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఉంచుకో. వచ్చే వారం అక్కకి కొత్తది పెడతాను."

చీటీలో ఇంకా ఏడు మిగిలాయి. నేను ఆ కుర్చీలోనే మరికాసేపు కూర్చున్నాను.