ఊరెళ్ళినప్పుడు మా వాకిట్లో ముగ్గు

రైల్వేవాళ్ళ ఇళ్ళలో పాసు చేతికొచ్చిన పూటే పండగ. మా అత్తగారికి మాత్రం ఆ పూట నుంచే దిగులు. రాయపూర్‌లో మేమున్న క్వార్టర్ల వరసలో వేసవి వచ్చిందంటే తెలుగువాళ్ళ ఇళ్ళకు ఒక్కొక్కటిగా తాళాలు పడేవి. మేము విజయనగరం బండి ఎక్కిన మర్నాటికే ఆ సంగతి పాలవాడి దగ్గర్నుంచి దొంగల దాకా అందరికీ తెలిసిపోయేది. మా వాకిళ్ళే చెప్పేసేవి. ఆ వరసలో రోజూ పొద్దున్నే కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టేది మేమే. తెలుగువాళ్ళ వాకిట్లో ముగ్గు లేదంటే ఇంట్లో ఎవరో పోయి ఉండాలి, లేదా అంతా ఊరెళ్ళి ఉండాలి. ఏడుపులు వినపడలేదంటే రెండోదే.

“తాళం కప్ప ఎంత పెద్దదైతే ఏటి లాభం? ముగ్గు నేకపోతే దొంగల్ని రండి బాబూ రండని పిలిసినట్టే” అనేది మా అత్తగారు. ఆ మాటతో నేనూ ఏకీభవించేదాన్ని. ఆవిడతో నేను ఏకీభవించిన మాటలు చాలా తక్కువ.

దీనికి ఉపాయం ఆవిడే కనిపెట్టింది. పక్క క్వార్టర్లో ఛత్తీస్‌గఢీవాళ్ళు ఉండేవారు. ఆ ఇంటి ముసలావిడను వరసంతా డోక్రీ దాయి అనేది, అంటే ముసలమ్మ అనే. పొద్దస్తమానం మా గుమ్మానికి ఎదురుగా నులకమంచం వేసుకుని కూర్చునేది. కాపలా ఆవిడకి అప్పగించింది మా అత్తగారు. ముగ్గు పని ఆవిడ కోడలికి. ఆ ఏడు ప్రయాణానికి ముందు ఆ పిల్లను మా వాకిట్లో కూర్చోబెట్టి ఎనిమిది రేకుల పద్మం నేర్పింది. చుక్క, గీత, రేక అంటూ నేర్పుతుంటే ముగ్గుతో పాటు మా తెలుగూ సగం వచ్చేసింది ఆ పిల్లకి. ఆఖర్న తులసికోట మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది.

“ఒక్క రోజు మానకూడదే అమ్మీ. వానొచ్చినా వరదొచ్చినా సరే.”

“మానను అమ్మా” అంది ఆ పిల్ల.

అయినా బండిలో స్టేషనుకోసారి “తాళం లాగి సూసేవా?” అని నా ప్రాణం తీసింది. ఖరియార్ రోడ్డు దగ్గర ఓపిక నశించి “తలుపు కూడా పీక్కొచ్చి ఒళ్ళో పెట్టమంటారా?” అనేశాను. మా ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నారు.

తిరిగి వచ్చిన పొద్దున వాకిట్లో ముగ్గు మెరుస్తోంది. గీతలు కాస్త లావు గానీ పద్మం పద్మమే. అత్తగారి మొహం వికసించింది. చివరి క్వార్టరు తెలుగువాళ్ళు కూడా మాలాగే ఊరెళ్ళారట, వాళ్ళ ఇత్తడి సామానంతా దొంగలు ఊడ్చుకుపోయారని స్టేషను నుంచి తీసుకొచ్చిన రిక్షావాడే చెప్పాడు. వాళ్ళ వాకిలి బోసిగా ఉంది. మా తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది.

మేము అప్పగించి వెళ్ళిన తాళం చెవి పట్టుకుని పక్కింటి పిల్ల వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు, కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. అప్పుడు చూశాను, వాళ్ళ నులకమంచం గోడకి నిలబెట్టి ఉంది.

“మా సాస్ పోయింది అమ్మా, ఈ హఫ్తాలోనే” అంది. సాస్ అంటే అత్త, మా డోక్రీ దాయి. “పదో రోజు ఇంకా కాలేదు.”

“మరి ముగ్గెవలు ఏసేరు?” అని అడిగింది మా అత్తగారు. మొట్టమొదట అడిగిన మాట అదే.

“నేనే. చావు ఇంట్లో ఉండి ముగ్గేంటని మావాళ్ళు గుస్సా అయ్యారు. ఒట్టు వేశాను కదా, రోజూ స్నానం చేసి వేశాను.”

అత్తగారి మొహం మాడిపోయింది. నావైపు తిరిగి, “మైల సేతుల్తో మన గడపలో ముగ్గేటే? ఇంతకన్నా దరిద్రం ఉంటాదా?” అంది.

“ఊరుకోండత్తా, వింటోంది.”

“విననీ. తెలుగు దానికేటి తెలుస్తాది?”

తానే నేర్పిన తెలుగు. ఆ మాట నోటిదాకా వచ్చింది, ఈలోగా ఆవిడ బకెట్టు అందుకుంది. పేడనీళ్ళలో పసుపు కలిపి వాకిలంతా దిమ్మరించి, చీపురుతో బరబరా గీకి పద్మం కడిగేసింది. నేను మా చంటివాణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడిపోయాను. పక్కింటి పిల్ల కాళ్ళ మీదికి నీళ్ళు వస్తుంటే ఒకడుగు వెనక్కి వేసింది, ఇంకో అడుగు వేసింది. తర్వాత తాళం చెవి మెల్లగా అరుగు మీద పెట్టి, వాళ్ళింట్లోకి వెళ్ళిపోయింది. ముసలావిడ ఎలా పోయిందని మేము అడగనే లేదు. మా గుమ్మానికి కాపలాగా కూర్చోబెట్టిన మనిషి ఆవిడ. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రాత్రి అత్తగారు కూడా సరిగ్గా తినలేదు. ఒంట్లో బాగాలేదంది. నేను బతిమాలలేదు.

పక్కింటి పిల్ల మాతో మాట్లాడటం మానలేదు. అదే మరీ కష్టంగా ఉండేది. చారుకి కరివేపాకు అడిగితే తెచ్చి ఇచ్చేది, కాకపోతే ముగ్గు దాటి లోపలికి వచ్చేది కాదు. ఎంత రమ్మన్నా “ఇక్కడే బాగుంది దీదీ” అని అక్కడే నిలబడేది. ఆ మాట విన్న ప్రతిసారీ అత్తగారు ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది.

మళ్ళీ వేసవి వచ్చింది, పాసూ వచ్చింది. పెట్టెలు సర్దుతున్నాం గానీ వాకిలి మాట ఇద్దరమూ ఎత్తడం లేదు. ఇంకెవర్నైనా అడుగుదామా అన్నారు మా ఆయన. ఆ వరసలో మాకోసం ఎవరు పెడతారు? బయల్దేరే రోజున అత్తగారే ముగ్గుపిండి డబ్బా పట్టుకుని పక్కింటి వాకిట్లోకి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను. ఆవిడ డబ్బా అందించబోయింది. ఈసారి ఒట్టు మాట ఎత్తలేదు.

ఆ పిల్ల చెయ్యి తుడుచుకుని డబ్బా అందుకుంది.

“ఈ సాల్ మా ఇంట్లో ఎవరూ పోలేదమ్మా” అంది. “ముగ్గు పెడతాను, మీరు ఫికర్ లేకుండా వెళ్ళండి.”

ఎత్తిపొడుపేమోనని మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే మాకు ధైర్యం చెబుతోంది.

బండి మహాసముంద్ దాటింది, ఖరియార్ రోడ్డూ దాటింది. తాళం లాగి చూశావా అని అత్తగారు అడుగుతుందని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. పార్వతీపురం దాకా ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు.