రానివాళ్ళ మాటలు

నాటకం నేర్చుకుంటామని వచ్చేవాళ్ళంత మహానుభావులు ఇంకెక్కడా దొరకరు. మొదటి ఆదివారం ఆరుగురు వస్తారు. రెండో ఆదివారం ముగ్గురు. మూడో వారానికి ఒకడికి జ్వరం, ఇంకొకడికి మేనమామ పెళ్ళి. నరసరావుపేటలో మక్బూల్ మాస్టారి నాటికలకు ఇరవై ఎనిమిదేళ్ళుగా లైట్లు వేస్తున్నవాణ్ణి, ఆ మేనమామలకు ఎన్నెన్ని పెళ్ళిళ్ళయ్యాయో నన్నడగండి.

మాస్టారికి పల్నాడు రోడ్డులో కుట్టు మిషన్లు బాగుచేసే షాపుంది. దాని వెనక రేకుల షెడ్డే మా రిహార్సల్ హాలు. ఆదివారం నాలుగింటికల్లా ముగ్గుపిండితో నేలమీద స్టేజీ గీసి కూర్చుంటారు. భార్య హజ్రా బీ ఉన్నన్నాళ్ళూ ఆరుగురికి టీ పెట్టి, గుమ్మంలో కూర్చుని నాటకం వినేది. ఆమె పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఆయనే ఫ్లాస్కులో ఆరుగురికి టీ తెస్తారు. మిగిలింది సాయంత్రం కాలవలో పారబోస్తారు.

ఎవరు రాకపోతే వాళ్ళ మాటలు ఆయనే చెబుతారు. తండ్రి రాకపోతే తండ్రి, కోడలు రాకపోతే కోడలు. వచ్చిన ఒక్కరికోసం రాని నలుగురూ తానే అవుతారు. వచ్చినవాళ్ళు ఒక్క క్షణం తడబడితే చాలు, మాట అందించేస్తారు.

"నోట్లో ముద్దలు పెడతా ఉంటే వాళ్ళెప్పుడు నేర్చుకుంటారండీ?" అని నేను విసుక్కునేవాణ్ణి.

"స్టేజీ మీద బిడ్డ నోరెండిపోతే నేను చూడలేనురా నాగేశ్వర్రావూ," అనేవారు.

అలా ముద్దలు తిన్నవాళ్ళు కొందరు హైదరాబాదు సీరియళ్ళలో ఉన్నారు. పొట్టకూటికి పోయారు, తప్పు పట్టను. ఫోను చెయ్యడానికేం రోగం? హజ్రా బీ పోయినప్పుడు కూడా ఒక్కడంటే ఒక్కడు చెయ్యలేదు. ఆ మాటంటే మాస్టారు నామీదే కోప్పడతారు.

భార్గవి మాత్రం వేరు. రొంపిచర్ల దగ్గర పల్లె నుంచి ఎనిమిది నెలలు, ఒక్క ఆదివారం తప్పకుండా బస్సులో వచ్చింది. వాళ్ళ నాన్న మిరప రైతు, మాట మీద నిలబడే మనిషి. "మాచర్ల పోటీల్లో బహుమతికి నీ పేరు పిలిస్తే ఆడుకో. పిలవకపోతే బి.ఈడీలో చేరు. మళ్ళీ నాటకం మాటెత్తమాక," అన్నాడట. ఆ సంగతి విన్నాక మాస్టారికి అన్నం సహించలేదు. ఈ పిల్ల కూడా పోతే ఆ షెడ్డులో ముగ్గెవరికి?

మాచర్లకు ఎంచుకున్న నాటికలో ఉన్నది తండ్రీ కూతురూ ఇద్దరే. చివర్లో ఇల్లు విడిచిపోతున్న కూతుర్ని తండ్రి అడుగుతాడు: "నేనేం చేశానమ్మా నీకు?" కూతురు కాసేపు ఆగి, "ఏమీ చెయ్యలేదు నాన్నా," అని వెళ్ళిపోతుంది. అంతే. నాటిక ప్రాణమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

"వెంటనే చెప్పమాక తల్లీ. జనం ఊపిరి బిగబట్టేదాకా ఆగు," అని ఆమెకు నేర్పింది మాస్టారే. తీరా ఆమె ఆగితే, పాత అలవాటు, గబుక్కున మాట అందించి నాలిక్కరుచుకునేవారు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. నవ్వినందుకు ఇప్పుడు నన్ను నేను చెప్పుచ్చుకు కొట్టుకోవాలి.

తండ్రి వేషం సుహైల్‌ది. ఫోన్ల షాపులో సెలవివ్వలేదని నాలుగు రోజుల ముందు చేతులెత్తేశాడు. ఆ వేషం మాస్టారు వేసుకున్నారు. ఇన్నాళ్ళూ రిహార్సల్లో రానివాళ్ళకు బదులు నిలబడ్డ మనిషి మొదటిసారి పోటీలో స్టేజీ ఎక్కారు.

మాచర్లలో సాయంత్రం ఏడింటికి తెర లేచింది. భార్గవి ఎంత బాగా చేసిందంటే, నేను లైటు మార్చడం మర్చిపోయాను. చివరి ఘట్టం వచ్చింది. "నేనేం చేశానమ్మా నీకు?" అన్నారు మాస్టారు. ఆమె ఆగింది. హాల్లో దగ్గు కూడా లేదు. ఇంకా ఆగింది. ఓరి నాయనో, ఏం ఆగిందండీ! అప్పుడు మాస్టారి పెదవులు కదిలాయి.

"ఏమీ చెయ్యలేదు... నాన్నా."

అది భార్గవి చెప్పాల్సిన మాట. మన ఊళ్ళలో తండ్రులు కూతుళ్ళను కూడా నాన్నా అని పిలుస్తారు కదా. జనం అదే అనుకున్నారు. బిడ్డకు తానేమీ చెయ్యలేకపోయానని ఆ తండ్రి ఒప్పుకున్నాడనుకున్నారు. హాలంతా లేచి చప్పట్లు. చెప్పడానికి ఆమెకింక మాట మిగల్లేదు. తల వంచుకుని వెళ్ళిపోయింది.

ఉత్తమ నటుడు, షేక్ మక్బూల్. ఉత్తమ నటి ఇంకెవరో.

మాస్టారు మైకు లాక్కుని, "ఆ మాట నాది కాదు, ఆ పిల్లది. నేను పాడుచేశాను," అన్నారు. ఎంత వినయమోనని జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లంత ఒళ్ళు మండించింది నాకింకొకటి లేదు.

తిరుగు బస్సులో భార్గవి చానాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత మెల్లగా అంది: "నేను మర్చిపోలేదు మాస్టారూ."

"తెలుసమ్మా," అన్నారాయన.

ఆమె బి.ఈడీలో చేరింది. ఆదివారాలు రావడం లేదు. కొత్తవాళ్ళూ ఎవరూ రాలేదు.

మొన్న ఆదివారం ఊరికే షెడ్డుకు వెళ్ళాను. ముగ్గు గీసి ఉంది, ఫ్లాస్కు నిండా టీ ఉంది. మాస్టారు ఒక్కరే తండ్రి వేషం మొదటినుంచీ చెబుతున్నారు. కూతురి మాటలు వచ్చేచోట చెప్పకుండా ఆగుతున్నారు. రానివాళ్ళందరి మాటలూ చెప్పిన మనిషి! చివరికొచ్చారు. "నేనేం చేశానమ్మా నీకు?" అని ఆగారు. బయట ఆటోలు పోతున్నాయి. ఎంతకీ నోరు తెరవరే. చూడలేకపోయాను.

"ఆ పిల్ల రాదు మాస్టారూ. మీరే చెప్పేయండి," అన్నాను.

ఆయన చెయ్యెత్తి నన్నాపారు. ఆమె నిలబడే చోటునుంచి కళ్ళు తిప్పలేదు.

"ఉండరా," అన్నారు. "మర్చిపోలేదు."