మాట్లాడకుండా తాగించిన పసరు

నాకు సంతకం వరకే వచ్చు. సిరిసిల్లలో బట్టలు కుట్టే పనికి పోయే నా బిడ్డ రెండు రోజులు సెలవు పెట్టి వస్తే, నేను చెబుతుంటే రాస్తోంది. అది పోయాక ఈ ఇంట్లో నా గొంతు నాకే వినబడదు.

నేల ఉసిరి పసరు మా అత్త నేర్పిన మందు. పచ్చకామెర్లకు ఇస్తాం. దానికో కట్టు ఉంది. ఆకు తెంపిన దగ్గర నుంచి మనిషి తాగి గ్లాసు కింద పెట్టేదాకా ఇచ్చేవాళ్లు నోరు విప్పకూడదు. విప్పితే గుణం పోతుందంటారు.

మా ఆయన కోరుట్ల చుట్టుపక్కల మామిడి తోటలకు పురుగుల మందు కొట్టే కూలికి పోయేవాడు. మామిడికి తల పైకెత్తి కొట్టాలి. కొట్టిందంతా మొహం మీదకే దిగుతుంది. ఒకసారి కళ్లు పచ్చబడితే మూడు పొద్దులు పసరు పోశాను, తగ్గింది. అప్పటి నుంచి పూత కాలం వస్తే చాలు, రోజూ పొద్దున్నే అడిగేవాడు.

"నీ పసరు కడుపుల వడ్డంక పురుగుల మందు నన్నేం జేస్తదే? అది పురుగులకు, నాకు గాదు," అని నవ్వేవాడు. మూతికి కట్టుకునే తువ్వాలను దండెం మీదే వదిలేసేవాడు.

నేను గ్లాసు పట్టుకొని నిలబడేదాన్ని. తువ్వాల కట్టుకోమనే మాట నాలుక మీదకు వచ్చేది. గుణం పోతుందని మింగేదాన్ని. తాగి, గ్లాసు కింద పెట్టి, నేను నోరు తెరిచేలోపే బండి ఎక్కేవాడు.

ఒక పూతకు ఆయన కడుపు ఉబ్బింది. జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయాం, లివర్ చెడిందన్నారు. పసరు సంగతి డాక్టరుకు చెప్పాను.

"గా ఆకును ఎలుకలకు పోసి చూస్తున్నరమ్మా, లివర్‌ను కాపాడుతదా అని. ఎలుకకు మంచిగైతే మనిషి పురుగుల మందుతోటి తానం చెయ్యొచ్చునా?"

"నా పసరే ఆయనను చంపుతదా సారూ?"

"గట్ల అంటలేను. మూతికి గుడ్డ కట్టుకొమ్మని ఎవ్వలు చెప్పలేదా?"

నెల తిరగకుండానే ఆయన పోయాడు.

పొద్దున్నే నోరు విప్పకపోవడం ఇప్పుడు కట్టు కాదు. పలకడానికి మనిషి లేడు. తువ్వాలను మాత్రం ఉతికి దండెం మీద వేస్తూనే ఉన్నాను.

మొన్న పక్కింటి కోడలు గిన్నె పట్టుకొని వచ్చింది.

"పెద్దమ్మా, మా ఆయన రేపటి సంది తోటలకు పోతుండు. రోజింత పసరు పోస్తే నాకు నిమ్మలముంటది."

"కామెర్లయినయా?"

"లేదు. రాకుంట."

"రాకుంట ఆపే పసరు నా తాన లేదు బిడ్డా."

"గడ్డిల మొలిచే ఆకుకు గింత పిసినారితనమా!" అని మూతి తిప్పుకొని పోయింది.

తెల్లారి ఆమె మొగుడు బండి తీస్తుంటే దండెం మీది తువ్వాల పట్టుకొని అడ్డం నిలబడ్డాను.

"ఏంది పెద్దమ్మా, పసరు తెచ్చినవా?"

"లేదు, తిట్లు తెచ్చిన. గీ తువ్వాల మూతికి కట్టుకుంటెనే బండి కదులుతది."

"రోజూ గిట్లనే తిడుతవా ఏంది?"

"పూత కాలమంత తిడుత."

నవ్వుకుంటూనే కట్టుకున్నాడు. నా గొంతు బొంగురుపోయి ఉంది, అయినా బండి మలుపు తిరిగేదాకా అరుస్తూనే ఉన్నాను. "గాలికి ఎదురు నిలవడి కొట్టకు! ఒళ్లు కడుక్కున్నంకనే బువ్వ తిను!"