నియువేలో ఎర్రనోళ్ళు

మాణిక్యాంబకు ఏదైనా తెలుసుకోవాలన్న ఆరాటం జాస్తి. గల్ఫ్‌లోని అజ్మాన్‌లో సుభాషిణి మేడమ్ ఇంట వంటపనికి కుదిరిన నాటి నుంచీ ఆమె చేతులు వంటింట్లో, చెవులు హాల్లో. కరోనా రోజులాయె, బళ్ళు మూతపడి, మేడమ్ కంప్యూటర్ ముందు కూర్చుని పిల్లలకు పాఠాలు చెప్పేది. ఆ వారం పాఠం నియువే. పసిఫిక్ సముద్రంలో, పటం మీద ఈగ వాలినంత దీవి.

ఆ పేరుకు ‘అదిగో కొబ్బరి’ అని అర్థం చెబుతారని వినగానే మాణిక్యాంబ గరిటె ఆగిపోయింది. ఆమెది కోనసీమ మరి! కానీ ఆ దీవిలో నది లేదట, చెరువూ లేదట. పగడపు రాయి మీద పడ్డ వాన పడ్డట్టే లోపలికి ఇంకిపోతుందట. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన మనిషికి ఇదెక్కడి వింత! కాలువ లేకుండా కొబ్బరి ఎలా కాస్తుందని భోజనాల దాకా మేడమ్‌ని పీక్కుతింది.

ఇంతలో ఒక పొద్దున మేడమ్ మాణిక్యాంబ వాడే వాష్‌బేసిన్‌లో ఎర్రటి మరకలు చూసింది. ఒక్క మాట అడగలేదు. మాణిక్యాంబ కంచం, గ్లాసు వేరు పెట్టింది. పనికి కుదిర్చిన ఏజెన్సీకి ఫోన్ చేసి గొంతు తగ్గించి మాట్లాడింది. టీబీ అన్న ముక్కా, అవతలివాడు ‘ఖలాస్, పంపిద్దాం’ అన్న ముక్కా మాణిక్యాంబ చెవిన పడనే పడ్డాయి. అది రక్తం కాదు, కిళ్ళీ. రోలా పేటలో ఉండే స్నేహితురాలు అక్తర్ బీ ఊరి నుంచి దాచి తెచ్చిచ్చిన ఆకూ, వక్కా, కాచూ. ఈ దేశంలో కిళ్ళీ నమలడం నేరమాయె. జబ్బని ఊరుకుంటే విమానం ఎక్కిస్తారు, కిళ్ళీ అంటే పోలీసులు. దిగులుకి మర్నాడు పొద్దున్నే ఇంకొకటి దవడన పెట్టింది.

ఆ రోజు పాఠంలోకి కుక్ వచ్చాడు. మన మాణిక్యాంబ ఓడలో వంటవాడనుకుంది. కాదు, ఓడ నడిపే దొరేనట. నియువే ఒడ్డున దిగబోతే అక్కడివాళ్ళు రాళ్ళూ బల్లేలూ విసిరి తరిమారు. వాళ్ళ నోళ్ళు ఎర్రగా ఉండేవట, దొర నెత్తురనుకున్నాడట. ఆ దీవికి ‘అనాగరికుల దీవి’ అని పేరు పెట్టి ఓడ తిప్పుకుపోయాడు.

మాణిక్యాంబ ఇక ఆగలేకపోయింది. భయం సంగతే మర్చిపోయి గుమ్మంలోకి వచ్చేసింది.

“ఎర్రనోరైతే నెత్తురేనేటండీ? ఏం నవిలారో ఆయన అడగలేదాండీ?”

అది ఎర్ర అరటి రంగని అక్కడివాళ్ళు చెబుతారు అనబోయిన మేడమ్, మాణిక్యాంబ పెదాల వంక చూసి మైకు కట్టేసింది. నోరు తెరవమంది. నాలుక పండిపోయి ఉంది.

“కిళ్ళీనేనండీ మేడమండీ. పోలీసులకి సెప్పినా సరే, జబ్బు మాత్రం లేదండి నాకు.”

మేడమ్‌ది కరీంనగర్. తమలపాకు వాసన ఎరగనిది కాదు. సిగ్గుతో ఆమె మొహం కందిపోయింది. పిల్లలంతా తెర మీద చూస్తుండగానే ఏజెన్సీకి ఫోన్ కలిపి, మాణిక్యాంబను ఊరికి పంపడానికి తీసిన టికెట్ రద్దు చేయించింది. ఆ ఆకులన్నీ ఇప్పుడే పారెయ్యమని మాణిక్యాంబను కసిరింది. కసిరి, కుర్చీలో కూలబడింది.

“నేన్ గూడ అడగలే గదా, మాణిక్యమ్మా.”