బేరమాడి తీసిన శాంపిల్

1979 మార్చిలో నన్ను ధర్మవరానికి ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. అంగళ్లలో తినే, తాగే సరుకుల శాంపిల్ తీయాలి. సీలు వేసి, పరీక్ష చేసే పబ్లిక్ ఎనలిస్టుకు పంపాలి. కల్తీ అని రిపోర్టు వస్తే పై అధికారి అనుమతితో కోర్టులో కేసు వేయాలి. మా నాయనది అనంతపురంలో కిరాణా అంగడి. ఏ సరుకులో ఏం కలుస్తుందో పలకాబలపం పట్టక ముందే నాకు తెలుసు గనుక, ఈ ఉద్యోగానికి నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. అంగడి ఇంట్లో పెరిగినవాడికి ఇంకో జబ్బు కూడా అంటుకుంటుందని అప్పట్లో ఆలోచించలేదు. చెప్పిన ధరకు ఏదీ కొనలేను. నా పెళ్లిలో ముహూర్తానికి పావుగంట ముందు మేళగాళ్లతో బేరమాడింది నేనే.

ధర్మవరంలో చీర మడత విప్పే ముందు కాఫీ రాకపోతే అది వ్యాపారమే కాదు. మగ్గం మీద కూర్చున్నవాళ్లు టీతో గడిపినా, చుట్టం వస్తే కాఫీయే పెట్టేవారు. మొదటి డికాక్షన్ చుట్టానికి, రెండోది ఇంట్లోవాళ్లకు. గింజలు కన్నడ దేశం కొండల నుంచి వచ్చేవి. మక్కా పోయి వస్తూ ఒక ఫకీరు ఏడు గింజలు తెచ్చి ఆ కొండల్లో నాటాడని ప్రతి కాఫీ అంగడివాడూ తన తాత కళ్లతో చూసినట్టే చెప్పేవాడు. చికోరీ కథ మాత్రం మాకు శిక్షణలో చెప్పారు. యూరప్‌లో యుద్ధాలప్పుడు ఓడలు రాక, కాఫీ దొరక్క, జనం ఈ వేరును వేయించి, పొడి కొట్టి కలుపుకున్నారట. మాకు యుద్ధం అక్కర్లేదు, కరువు చాలు. పశువులను అమ్ముకున్న ఏడాది ఊళ్లో పాలు పలచబడేవి. ఆ పాలతో కాఫీ నల్లగా, చిక్కగా కనబడాలంటే చికోరీ పడాల్సిందే. చట్టం కూడా దాన్ని కాదనలేదు. ఏది ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలని, కాఫీ సగానికి తగ్గకూడదని మాత్రం పట్టుబట్టింది.

బస్టాండు దగ్గర రంగప్పది కాఫీ పొడి అంగడి. ఒక మిల్లు, రెండు డబ్బాలు. ఒకదాంట్లో కాఫీ, ఇంకోదాంట్లో చికోరీ. మే నెలలో ఒక ఉదయం నేనెవరో చెప్పకుండా వెళ్లి కాఫీ పొడి ధర అడిగాను. పక్క చీరల అంగడి గుమాస్తా అక్కడే నిలబడి ఉన్నాడు. రంగప్ప పలక మీద రాసిన ధర చూపించాడు. నా నోరు ఊరుకోలేదు.

"అది ఊరికి కొత్తవాళ్లకు. నాకెంతకిస్తావో చెప్పప్పా."

"ఇదేమన్నా చింతపండనుకున్నావా అన్నా? కాఫీ! కొండ దిగి వచ్చినాది."

"కొండే దిగినాది, నువ్వొక రవ్వంత దిగలేవా?"

గుమాస్తా నవ్వాడు. రంగప్ప నవ్వలేదు. వెళ్లిపోతున్నట్టు రెండుసార్లు మెట్టు దిగాను. రెండోసారి వెనక్కి పిలిచాడు. కిలోకు నాలుగు రూపాయలు తగ్గింది. ఆ గెలుపు గుమాస్తాకు చూపించుకునే సంబరంలో, ఏ డబ్బాలోంచి ఎన్ని గరిటెలు పడుతున్నాయో నేను చూడలేదు.

పొడి చేతికి వచ్చాక నేనెవరో చెప్పి, నోటీసు ఇచ్చి, డబ్బు చెల్లించి రసీదు రాయించుకున్నాను. పొడిని మూడు భాగాలు చేసి, మూడు సీసాల్లో పోసి, లక్క సీళ్లు వేశాను. గుమాస్తా సాక్షి సంతకం చేశాడు. రంగప్ప కూడా సంతకం పెట్టాడు. ఒక సీసా ఎనలిస్టుకు పంపి, మిగిలిన రెండూ పై ఆఫీసులో అప్పగించాను.

రిపోర్టు వచ్చింది. నూటికి నలభై పాళ్లే కాఫీ. అప్పటి చట్టం ప్రకారం నేరం రుజువైతే ఆరు నెలల జైలు. సంగతి ఎలాగో తెలిసి రంగప్ప మా ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, పలక మీద రేటుకైతే ముప్పాతిక కాఫీ పోస్తాను. ఆ రేటు వద్దన్నది మీరే. మీరడిగిన రేటుకు ఆ పొడే వస్తాది. తూకంలో కొట్టమంటారా? నా చేయి అట్లాంటిది కాదు."

ఆ మాట అప్పుడే చెప్పాల్సిందన్నాను.

"మీ కండ్ల ముందరే కలిపినాను కదా సార్! మీరు గుమాస్తా తట్టు చూసి నగుతాంటిరి. నేను జైలుకు పోతే అంగడి మూతే. ఈ వయసులో నాకు మగ్గం రాదు, సేద్యం రాదు. యాడికి పోవల్ల?"

అతను వెళ్లాక నిబంధనల పుస్తకం తీశాను. శాంపిల్‌ను జనానికి మామూలుగా అమ్మే ధరకే కొనాలి. జనం బేరమాడతారని ఆ పుస్తకం రాసినవాళ్లకు తెలియదు కాబోలు. కానీ నా రసీదులో ఉన్నది పలక మీది ధర కాదు. నేను నోరు మూసుకుంటే ఎవరూ అడగరు, కేసు నిలుస్తుంది. మా నాయన అంగట్లో కూడా బేరమాడినవాళ్లకు వేరే మూట విప్పడం నేను చూసినదే. తక్కువ ధరకు ఎక్కువ సరుకు ఇచ్చే అంగడివాడు ఈ భూమి మీద లేడని నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? రెండు రోజులు ఆగి, జరిగింది జరిగినట్టు రాసి ఫైల్లో పెట్టాను.

అనంతపురం నుంచి పై అధికారి పిలిపించారు. నోట్ మొత్తం చదివి తలెత్తారు.

"నాలుగు రూపాయలు తగ్గించినావా? ప్రభుత్వానికి మిగిల్చినందుకు నీకు సన్మానం చేయల్లా ఏమప్పా?"

కేసుకు అనుమతి ఇవ్వలేదు. నాకు మెమో, రంగప్పకు లిఖితపూర్వకమైన హెచ్చరిక ఇచ్చారు. ఏ ధరకైనా సరే, కాఫీ సగానికి తగ్గకూడదు. ప్రతి పొట్లం మీదా ఏది ఎంతో రాయాలి. ఆ నెలలోనే రంగప్ప పలక మార్చాడు. మూడు ధరలు, ఒక్కోదాని పక్కన కాఫీ ఎంత, చికోరీ ఎంత. కింద గీత గీసి, దానికి దిగువన బేరం లేదని రాశాడు. చీరల వ్యాపారులు కూడా ఆ గీత దాటలేకపోయారు. తర్వాత రెండుసార్లు, పలక మీది ధరకే, అక్కడ శాంపిల్ తీశాను. రెండూ పరీక్షలో నిలిచాయి. అంతటితో ఆగక, ఇంటికి కూడా అక్కడే కొనడం మొదలుపెట్టాను.

శాంపిల్ తీసేవాడి ప్రవర్తన కూడా శాంపిల్‌లో కలుస్తుంది. దాన్ని వేరుగా రాసి పెట్టకపోతే ఏ ఎనలిస్టూ పట్టుకోలేడు. రిటైరయ్యే దాకా మళ్లీ ఏ శాంపిల్‌కూ బేరమాడలేదు. సొంతానికి కొనేటప్పుడు ఇప్పటికీ ఆడతాను. కాకపోతే ధర తగ్గాక, అంగడివాడి ముఖం చూడను, గరిటె చూస్తాను.