మంగమ్మ నీళ్లలో తోకలు

1946. తిరుపతిలో యాత్రికులు దిగే సత్రాల వీధి చివర ఒక చిన్న ఆసుపత్రి. అందులో నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక కిటికీ, ఒక బల్ల, ఒక ఇత్తడి మైక్రోస్కోపు, వాటికి కాపలాగా నా నోరు. ఆ నోటికి జడిసి నా స్లైడ్ల జోలికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

ఒక్క మంగమ్మవ్వ తప్ప. ఆమె గేటు పక్కన మజ్జిగ అమ్మేది. నేను అన్నం మాని పనిలో పడితే చెంబుతో నేరుగా లోపలికొచ్చేసేది. "ఏమప్పా, ఆ గొట్టంలోకి సూస్తే కడుపు నిండతాదా? తాగు ముందు!" అని గద్దించేది. నేను విసుక్కుంటూనే తాగేవాణ్ణి. ఆ మజ్జిగ రుచి అట్లాంటిది మరి!

ఆ ఎండాకాలం సత్రంలో ఒక యాత్రికురాలు కలరాతో చనిపోయింది. ముందురోజు ఆమె మంగమ్మవ్వ దగ్గర మజ్జిగ తాగిందని ఎవరో చెప్పినారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి అమ్మకం ఆపించినాడు. మజ్జిగలో కలిపే నీళ్లు సీసాలో పట్టివ్వమన్నాడు. ఆ సీసా మరుసటి రోజు నా బల్ల మీదికి వచ్చింది.

ముందు హాంగింగ్ డ్రాప్ చేసినాను. అంటే నీటి చుక్కను సన్నటి గాజుబిళ్ల కింద వేలాడదీసి, బతికున్న క్రిములను చూడటం. కలరా క్రిమి బాణంలా దూసుకుపోతుంది. ఈ నీళ్లలోనూ ఏవో అటూ ఇటూ పరిగెత్తుతున్నాయి. చుక్క మార్చి మళ్లీ చూసినాను, అవే. ఇన్‌స్పెక్టరు కూడా కన్ను పెట్టి చూసినాడు.

"కదల్తా ఉండాయి కద సార్, ఇంకేం కావల్ల? కుండలు పగలగొట్టిస్తా."

మా డాక్టరుగారు నెమ్మదస్తుడు. "ఉండబ్బా, తోకలు చూడనీ" అన్నారు.

క్రిమి ఈదేది ఫ్లాజెల్లాతో. ఫ్లాజెల్లా అంటే వంకీలు తిరిగిన సన్నటి పోగులు, డాక్టరుగారన్న తోకలు ఇవే. మామూలుగా మైక్రోస్కోపుకు ఆనవు. వాటికి ముందు టానిన్ పట్టించాలి. కరక్కాయలో ఉండే వగరే అది. దారానికి గంజి పట్టించినట్టు పోగు లావెక్కుతుంది, ఆపైన రంగు వేస్తే కనబడుతుంది. స్లైడుకు జిడ్డు ఉండకూడదు. చుక్కను రుద్దకూడదు, స్లైడు వంచితే దానంతటదే జారాలి. గట్టిగా ఊదినా తోకలు ఊడిపోతాయి. మొదటి స్లైడు చేస్తుండగా ఇన్‌స్పెక్టరు నా భుజం మీదుగా తుమ్మినాడు. ఆయనను బయటికి తరిమి రెండోది చేసినాను.

చనిపోయినామె విరేచనం నుంచి ముందే తీసిపెట్టిన నమూనాకూ ఇట్లాగే రంగు వేసి, రెండూ పక్కపక్కనే పెట్టి చూసినాము. చనిపోయినామె నమూనాలోది కొంచెం వంగిన క్రిమి, ఒక కొసన ఒకే ఒక్క తోక. మంగమ్మవ్వ నీళ్లలోది తిన్నని కడ్డీ, ఒళ్లంతా తోకలే, చింపిరి జుట్టు పిల్లలా! ఇది కలరా కాదు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

"మరి ఇవి యాడినుంచి వచ్చినాయి?" అన్నారు డాక్టరుగారు. సీసా అడుగున ఆకుముక్క ఒకటి కనబడింది. మంగమ్మవ్వను పిలిచి అడిగినాము.

"తులసాకు నాయనా. సామికేసిన మాలలోది. డాక్టరు కాడికి పోయే నీళ్లు గదా, శుద్ధంగా ఉండాలని ఏసినా."

డాక్టరుగారు పకపకా నవ్వినారు. వాడిన ఆకుల మీద ఉండే క్రిములే అవి. ఎండకు సీసాలో హాయిగా పెరిగినాయి. ఆకు లేకుండా మళ్లీ నీళ్లు తెప్పించి, కల్చర్ పెట్టి, అంటే క్రిములుంటే పెరిగేందుకు మేత వేసి, రెండు రోజులు చూసినాము. కలరా జాడే లేదు.

ఆ రెండు రోజులూ మంగమ్మవ్వ వరండాలోనే కూర్చుంది. నేను రిపోర్టు రాసి, సంతకం చేయించి, ఇన్‌స్పెక్టరుకు అందించి, అప్పుడు తీరిగ్గా ఆమె దగ్గరికి పోయినాను. "నీ కుండలకేం భయం లేదవ్వా, రేపటినుంచి అమ్ముకో" అన్నాను గొప్పగా.

ఆమె కుండల మాట వినిపించుకోనే లేదు. నా చెయ్యి పట్టుకుంది. "అమ్మేది పోతే పోనీ నాయనా. ఆ బిడ్డ నా సేతి మజ్జిగ తాగి సావలేదు గదా? అది సెప్పు."

"లేదవ్వా. నీ నీళ్లలో ఆ జబ్బే లేదు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ బల్ల దగ్గరే పనిచేసినాను. ఏ పరీక్షయినా సరే, ఫలితం తేలగానే కాగితం పక్కన పెట్టి లేచేవాణ్ణి. డాక్టరుగారి అనుమతి తీసుకుని ముందు వరండాలోకి పోయి ఎదురుచూస్తున్న వాళ్లకు చెప్పి వచ్చేవాణ్ణి, ఆ తర్వాతే రాసేవాణ్ణి.