ఆడలేడా, ఆడడా?

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన రెండో ఏడు ఆగస్టులో, దక్షిణ ఆంటారియోలోని ఒక విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టుకు టీమ్ డాక్టరుగా చేరాను. విశ్వవిద్యాలయం పేరు రాయను. అప్పటికి హామిల్టన్‌లో నా స్పోర్ట్స్ మెడిసిన్ క్లినిక్ పాతబడింది, నేనూ పాతబడ్డాను. వారానికి రెండు సాయంత్రాలు ప్రాక్టీసుకు, శనివారం ఆటకు కారులో గంటకు పైగా వెళ్ళాలి. "ఆ చలిలో నిలబడి, పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటుంటే చూడ్డానికి అంత దూరం వెళ్ళాలా?" అంది మా ఆవిడ. నాకు ఆ పని ఇష్టం, అందుకని వెళ్ళాను.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాలి. ఎదుటి జట్టువాళ్ళు మీదపడి కూలదోస్తారు. అందుకే జట్టులో డాక్టరు మాటకు విలువ ఎక్కువ. పదవిలో అందరికన్నా పైన హెడ్ కోచ్. రోజూ కట్లు కట్టి, కండరాలు సవరించే పని హెడ్ థెరపిస్టు జానెట్‌ది. దెబ్బ తగిలిన ప్రతి ఆటగాణ్ణీ నేను చూసి, గురువారం మీటింగులో మూడు మాటల్లో ఒకటి చెప్పాలి: ఫుల్, లిమిటెడ్, లేదా అవుట్. నేను అవుట్ అంటే హెడ్ కోచ్ కూడా ఆ కుర్రాణ్ణి మైదానంలోకి పంపడానికి వీల్లేదు. ఫుల్ అంటే మాత్రం శరీరం ఆటకు సిద్ధంగా ఉందని అర్థం, అంతే. అంతకు మించి ఆ మాటలో ఏమీ లేదు. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా అందరికీ తెలియదని నవంబరులో అర్థమైంది.

ఆ ఏడాది మా జట్టులో నిఖిల్ అనే రిసీవర్ ఉండేవాడు. రిసీవర్ అంటే దూరంగా పరిగెత్తి, గాల్లో వచ్చే బంతిని అందుకునేవాడు. స్కార్‌బరోలో పుట్టి పెరిగిన మన తెలుగు కుర్రాడు. వాళ్ళ నాన్న రాజేందర్ కరీంనగర్ వైపు నుంచి వచ్చి, బస్సుల డిపోలో మెకానిక్‌గా స్థిరపడ్డాడు. కొడుకుది ఆరడుగుల పైన ఎత్తు. మనవాళ్ళలో ఇలాంటివాణ్ణి నేను అంతకుముందు చూడలేదు. వాడు పరిగెడుతుంటే లోలోపల నాకు గర్వంగా ఉండేదని ఒప్పుకుంటాను. సెప్టెంబరులో ఎడమ తొడ వెనక కండరం కొంచెం పట్టేసింది. హామ్‌స్ట్రింగ్ అంటారు దాన్ని. మొదటి గ్రేడు, అంటే పోగులు సాగాయి తప్ప తెగలేదు. మూడు వారాల్లో పూర్తిగా తగ్గింది.

మా జట్టు ప్రావిన్సు కప్పు గెలిచి బౌల్ గేముకు చేరింది. అమెరికాలో బౌల్ గేములు బోలెడు. సీజన్ చివర్లో గౌరవానికి ఆడే ఆటలవి. ప్రొఫెషనల్ జట్లలోకి వెళ్ళబోయే స్టార్లు, దెబ్బలు తగులుతాయని వాటిని ఎగ్గొట్టడం అక్కడ మామూలైపోయింది. కెనడాలో అలా కాదు. ఇక్కడ బౌల్ అంటే జాతీయ సెమీఫైనల్. గెలిస్తే ఫైనల్, ఓడితే ఇంటికి. దాన్ని వదులుకున్న ఆటగాడు నా ఎరుకలో ఒక్కడూ లేడు. మా జట్టు బౌల్‌కు చేరక చాలా ఏళ్ళయింది. ఊరంతా జెండాలు కట్టారు.

నిఖిల్‌కు మాత్రం అదే వారం ఇంకో కబురు వచ్చింది. అమెరికా ప్రొఫెషనల్ జట్ల ప్రతినిధుల ముందు, జనవరిలో జరిగే ఒక ప్రదర్శన ఆటకు పిలుపు. కెనడా కుర్రాళ్ళకు అలాంటి పిలుపు అరుదు. శనివారం మోకాలు మెలి తిరిగితే ఆ తలుపు మూసుకుపోతుంది, మళ్ళీ తెరుచుకోదు.

మంగళవారం సాయంత్రం నిఖిల్ కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. తొడ మళ్ళీ పట్టేసిందన్నాడు. బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తాను. సగం కూడా లేవకముందే "అబ్బా" అని మొహం చిట్లించాడు. సరేనన్నాను. తర్వాత లేచి కూర్చోమని, చీలమండ చూస్తున్నట్టు నటిస్తూ, కబుర్లు చెబుతూ అదే కాలును నేరుగా చాపించాను. కూర్చుని కాలు చాపితే ఆ కండరం పడుకున్నప్పటికన్నా ఎక్కువే సాగుతుంది. నిజంగా పట్టేసినవాడు వెనక్కి వాలిపోతాడు, లేదా అరుస్తాడు. నిఖిల్ నాతో వాతావరణం గురించి మాట్లాడుతున్నాడు. మా విద్యలో పాత చిట్కా అది.

నాకు ఒళ్ళు మండింది. అబద్ధం చెప్పినందుకు కాదు. ఆ అబద్ధాన్ని నా నోటితో చెప్పించాలనుకున్నందుకు. అసలు హామ్‌స్ట్రింగ్‌ను ఎంచుకోవడంలోనే తెలివి ఉంది. మొదటి గ్రేడు నొప్పి స్కానింగులో కనిపించకపోవచ్చు, లేదని ఎవరూ నిరూపించలేరు. రేపు క్లినిక్‌కు వచ్చి మళ్ళీ చూపించుకోమన్నాను.

బుధవారం మధ్యాహ్నం హెడ్ కోచ్ బ్రెంట్ ఫోన్ చేశాడు. నిఖిల్‌లో ఏం కనబడిందని అడిగాడు. గురువారం చెబుతానన్నాను. ఫుల్ అని చెప్పమన్నాడు. ఉన్నదే చెబుతానన్నాను. అయితే ఆడినా ప్రమాదమేమీ లేదని నువ్వే వాడికి నచ్చజెప్పు, మీవాడే కదా, నీ మాట వింటాడు అన్నాడు. ఈ ఆటలో ప్రమాదం లేదని ఏ డాక్టరూ చెప్పలేడని తెగేసి చెప్పాను. అయితే వచ్చే సీజనుకు వైద్య బృందాన్ని ఎలాగూ సమీక్షించాల్సి ఉందని మెల్లగా అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. గెలవకపోతే ఆయన ఉద్యోగమూ గాల్లో దీపమే. అటువైపు అవుట్ అనమనేవాడు, ఇటువైపు ఫుల్ అనమనేవాడు. ఇద్దరికీ కావలసింది నా సంతకం, ఇద్దరిలో ఎవరికీ నేను చూసిన కాలుతో పని లేదు.

సాయంత్రం నిఖిల్ క్లినిక్‌కు ఒంటరిగా రాలేదు. వాళ్ళ నాన్న కూడా వచ్చాడు. వయసొచ్చిన కొడుకు ఆరోగ్యం గురించి తండ్రితోనైనా సరే, కొడుకు అనుమతి లేకుండా మాట్లాడకూడదు ఇక్కడ. అడిగితే నిఖిల్ తలూపాడు. రాజేందర్ చేతులు జోడించినంత పని చేశాడు.

"డాక్టర్‌సాబ్, మీరొక్క మాట అంటే అయిపోతది. ఆడలేడని చెప్పండి, చాలు. పదేండ్ల నుంచి వీన్ని పొద్దుగాల లేపి ప్రాక్టీసుకు తోల్కపోయిన. మంచులో కార్ల కూసొని చూసిన. ఒక్క ఆటల కాలు పోతే గదంత మట్టిల కలుస్తది గద సార్. మీ కొడుకైతే ఏం చేస్తురు?"

నా కొడుకైతే ఆడొద్దనే అనేవాణ్ణి, నిజం చెప్పాలంటే. కానీ ఆయన అడుగుతున్నది అది కాదు.

వృత్తిపరంగా నాకు తెలిసినదొకటి వాళ్ళకు చెప్పాను. ప్రొఫెషనల్ జట్లు ఆటగాణ్ణి తీసుకునే ముందు వైద్య చరిత్ర అంతా తెప్పించుకుంటాయి. ఒకే సీజనులో ఒకే తొడకు రెండుసార్లు అని కనిపిస్తే, ఇది తిరగబెట్టే జబ్బు అనుకుంటాయి. రిసీవరుకు పరుగే బతుకు. తిరగబెట్టే హామ్‌స్ట్రింగ్ ఉన్న రిసీవర్ని ఎవరూ ముట్టుకోరు. ఏ భవిష్యత్తు కోసం ఈ అబద్ధమో, ఆ భవిష్యత్తునే అది తినేస్తుంది. రాజేందర్ మొహం పాలిపోయింది. ఆ సంగతి ఆయనకు తట్టనే లేదు. అయినా పట్టు వదల్లేదు. "అది తర్వాత చూసుకుంటం సార్. ముందు ఈ శనివారం గడవాలె" అన్నాడు.

నేను నిఖిల్ వైపు తిరిగాను. అంతసేపూ వాడు నేల చూపులు చూస్తున్నాడు.

"ఐ కాంట్ ప్లే, అంకుల్."

"ఆడలేవా? ఆడవా?" అన్నాను తెలుగులో.

వాడికి అర్థం కాలేదు. "వాట్స్ ద డిఫరెన్స్?" అని తండ్రిని అడిగాడు. రాజేందర్ అలవాటుగా, ఆలోచించకుండానే విడమరిచాడు: "ఆడలేను అంటే కాలు సహకరిస్తలేదని రా. ఆడను అంటే నీకే ఇష్టం లేదని." చెప్పి, చెప్పిన మాట తనకే వినపడ్డట్టు ఆగిపోయాడు. ఆ కాంట్ అనే మాట చాటున వీళ్ళిద్దరూ రెండు రోజులుగా దాక్కున్నారు. తెలుగులో దాక్కోవడానికి చోటు లేకపోయింది.

"రెండోది, అంకుల్," అన్నాడు నిఖిల్. తర్వాత తెలుగులోనే, కూడబలుక్కుంటూ, "ఆడను" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జట్టులో అందరూ తనను పిరికివాడు, స్వార్థపరుడు అంటారని, నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నవాళ్ళు మొహం చూడరని ఇంగ్లీషులో గబగబా చెప్పాడు. అనవచ్చు అన్నాను. నేను రేపు ఫుల్ అంటాను, మిగతాది నువ్వే చెప్పాలి, ఎవరో ఒకరు చెప్పక తప్పదు, అది నేను మాత్రం కాను అన్నాను. రాజేందర్ నాతో చెయ్యి కలపకుండానే వెళ్ళిపోయాడు.

గురువారం మీటింగులో నిఖిల్ పేరు రాగానే ఫుల్ అన్నాను. బ్రెంట్ బల్ల మీద అరచేత్తో చరిచి, జానెట్ వైపు చూసి నవ్వాడు. పది నిమిషాల తర్వాత లాకర్ రూములో జట్టంతా కూర్చున్నాక, నిఖిల్ చెయ్యెత్తాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

శనివారం తను ఆడటం లేదని చెప్పాడు. జనవరి పిలుపు గురించి చెప్పాడు. క్షమించమన్నాడు.

కెప్టెన్ కైల్ లేచాడు. ముందు వరసలో గోడలా నిలబడి దెబ్బలు కాసేవాడు, విరిగిన వేలికి టేపు చుట్టుకుని నెల రోజులుగా ఆడుతున్నవాడు. ఈ సీజను తర్వాత అతనికి ఫుట్‌బాల్ లేదు, ఆ సంగతి అతనికీ తెలుసు. నిఖిల్‌కు ఎదురుగా వచ్చి నిలబడి, కోపంగా కాదు, దాదాపు బతిమాలుతున్నట్టు అడిగాడు: నీకు దెబ్బ తగిలింది కదా? తగిలిందని చెప్పు. తగిలితే మేమెవరం ఏమీ అనం.

దారి తెరిచి పెట్టాడు. ఒక్క అవునుతో అయిపోయేది. గదిలో సగం కళ్ళు నిఖిల్ మీద, సగం నా మీద. నిఖిల్ కూడా నా వైపు చూశాడు. మైదానంలో వాణ్ణి ఎన్నోసార్లు చూసినా నాకు అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. అవునంటే నేనేం చెయ్యాలో నాకే తెలియదు. అందరి ముందూ వాణ్ణి అబద్ధాలకోరు అనాలా?

"లేదు. నా కాలు బాగానే ఉంది" అన్నాడు నిఖిల్.

కైల్ తన హెల్మెట్ తీసుకుని బయటికి నడిచాడు. వెనకే మిగతావాళ్ళు. బ్రెంట్ మాత్రం నా పక్క నుంచి పోతూ, జట్టు బస్సులో వాడికి చోటు లేదన్నాడు, నాతో.

శనివారం మేం ఓడిపోయాం. నిఖిల్ ఉంటే గెలిచేవాళ్ళమా అని ఆ ఊళ్ళో చాలాకాలం వాదించుకున్నారు. నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. తండ్రీకొడుకులు కారులో వచ్చి, మంచు పడుతుంటే స్టాండులో చివరి వరసలో కూర్చున్నారు. ఆట అయ్యాక నిఖిల్ మైదానం అంచుకు దిగాడు. ఎవరూ పలకరించలేదు.

ప్రదర్శన ఆట అయిన తర్వాత, ఫిబ్రవరిలో అమెరికా జట్టు ఒకదాని డాక్టరు నాకు ఫోన్ చేశాడు. నిఖిల్ సంతకం చేసిన అనుమతి ముందే పంపాడు. మోకాళ్ళు, భుజాలు, తలదెబ్బలు వరసగా అడిగి, చివరికి అసలు విషయానికి వచ్చాడు. బౌల్ గేము ఆడకపోవడానికి కారణం హామ్‌స్ట్రింగ్ తిరగబెట్టడమేనని మీ కోచ్ పత్రికలవాళ్ళకు చెప్పాడే, అన్నాడు.

తన స్టారు తన మాట కాదన్నాడని చెప్పుకోలేక, బ్రెంట్ ఆ అబద్ధాన్ని తనే వాడుకున్నాడన్నమాట! తండ్రి అంతగా బతిమాలినా నేను ఇవ్వనిదాన్ని, ఆయన ఉచితంగా పంచిపెట్టాడు.

సెప్టెంబరులో ఒకసారి మొదటి గ్రేడు, పూర్తిగా తగ్గింది, ఆ తర్వాత ఏమీ లేదు అన్నాను. ఆ వారం నేనే చూశాను, ఆడగలడు, ఆడలేదు. మీరు ఖచ్చితంగా అంటున్నారా అని అడిగాడు. జట్టు మీటింగులో ఫుల్ అని చెప్పాననీ, ఆ సంగతి జానెట్‌ను కూడా అడగవచ్చనీ అన్నాను. అవతల కాగితాల చప్పుడు వినిపించింది. ఆడకపోవడం మాకు సమస్య కాదు, తొడ గురించే మా భయం అని థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

వసంతంలో రాజేందర్ ఫోన్ చేశాడు. "డాక్టర్‌సాబ్, మావోడు అమెరికా టీముకు సైన్ చేసిండు" అన్నాడు. ఆ తర్వాత మా ఆవిడ ఎలా ఉందని అడిగాడు. బ్రెంట్ మాత్రం ఆగస్టులో ఫోన్ చేయలేదు. నా చోటికి ఇంకొకరు వచ్చారు.

ఆడగలడా, ఆడలేడా అన్నంతవరకే వైద్యుడి పని. ఆడతాడా, ఆడడా అన్నది ఆడేవాడి నోటి నుంచే రావాలి. అందుకు మన నోరు అరువివ్వకూడదు. క్లినిక్ మూసేదాకా, ఎవరైనా వచ్చి ఐ కాంట్ అంటే, తెలుగువాళ్ళయితే చెయ్యలేవా, చెయ్యవా అని ఒక్కసారి అడిగేవాణ్ణి. ఇంగ్లీషువాళ్ళనయితే, ఆ కాంట్ రెండిట్లో ఏదో తేలడానికి, రెండుసార్లు అడగాల్సి వచ్చేది.